ఐఈఎల్టీఎస్‌కి ఇంట్లో కూర్చుని ఎలా ప్రిపేర్ కావాలి: ఎనిమిది వారాలు, ఒక తప్పుల నోటుబుక్కు

‘అన్నా, ఎన్ని మాక్ టెస్టులు రాస్తే 7 వస్తుంది?’

జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఐఈఎల్టీఎస్ అంటే విదేశాల్లో చదవాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష. అందులో స్కోరుని బ్యాండ్ అంటారు, 9 వరకు ఉంటుంది. 7 అంటే ఆ 9కి. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. జవాబు ముందే చెప్పేస్తాను. ఇరవై టెస్టులు రాసి, స్కోరు చూసుకుని పక్కన పడేసినవాళ్లకన్నా, ఆరేడు టెస్టులే రాసి ప్రతి తప్పునూ విప్పి చూసుకున్నవాళ్లకు మంచి స్కోరు రావడం నేను చూశాను.

నాది పదో తరగతి వరకు తెలుగు మీడియం. మొదటిసారి రాసినప్పుడు లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 వచ్చాయి. సగటు 6.75. దాన్ని పైకి సవరించి 7 ఇస్తారు. ఇంట్లో స్వీట్లు పంచారు. తర్వాత యూనివర్సిటీ పేజీ మళ్లీ నింపాదిగా చదివితే, మొత్తం స్కోరు కింద ఇంకో లైను ఉంది: ఏ సెక్షన్‌లోనూ 6.5కి తగ్గకూడదు. రైటింగ్‌లో ఆ అర బ్యాండ్ తక్కువైనందుకు ఆ విడత అడ్మిషన్ పోయింది. మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ రాశాను. మీకు ఆ నష్టం జరగకూడదనే ఇదంతా.

ఇది ఐఈఎల్టీఎస్ అకడమిక్ గురించి, అంటే యూనివర్సిటీ చదువు కోసం రాసే రకం. టోఫెల్, పీటీఈ, డ్యూలింగో లాంటి వేరే ఇంగ్లీష్ పరీక్షలు కూడా చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. వాటి సంగతి మొదటి స్టెప్‌లో చెప్తాను.

కావలసినవి

- గడువు దాటని పాస్‌పోర్ట్. లేకపోతే ముందు దానికి అప్లై చేయండి, మన దేశంలో పరీక్షకు ఐడీ అదే.
- కేంబ్రిడ్జ్ వాళ్లు వేసే పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు రెండు. ఒక్కోదాంట్లో నాలుగు పూర్తి టెస్టులుంటాయి. రెండు చాలు.
- కీబోర్డు ఉన్న ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్, మామూలు హెడ్‌ఫోన్స్.
- రికార్డర్ ఉన్న ఫోన్.
- ఒక లాంగ్ నోటుబుక్కు. దీనికే ఎక్కువ పని.
- రోజుకి రెండు గంటలు, వారానికి ఆరు రోజులు.
- మీ వ్యాసాలు చదివి పెట్టడానికి ఇంగ్లీష్ బాగా వచ్చిన ఒక మనిషి. కాలేజీలో ఇంగ్లీష్ చెప్పిన మేడమ్ కావచ్చు, స్కూల్ టీచర్‌గా పనిచేసే అక్క కావచ్చు. నాకు డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకాయన దొరికారు. వారానికి రెండు వ్యాసాలు ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేవారు.

పరీక్ష స్వరూపం క్లుప్తంగా. లిజనింగ్ సుమారు అరగంట, 40 ప్రశ్నలు. రీడింగ్ గంట, మూడు పాఠాలు, 40 ప్రశ్నలు. రైటింగ్ గంట, రెండు టాస్కులు. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, ఎగ్జామినర్‌తో ముఖాముఖి లేదా వీడియో కాల్‌లో. ఒక్కోదానికి 9 వరకు బ్యాండ్. ఇంతకన్నా థియరీ అక్కర్లేదు.

1. ఎంత కావాలో కాగితం మీద రాయండి

మీరు అప్లై చేసే ప్రతి కోర్సుకూ మూడు విషయాలు రాసుకోండి: మొత్తం స్కోరు ఎంత, ఒక్కో సెక్షన్‌లో కనీసం ఎంత, స్కోరు ఏ తేదీలోపు పంపాలి. యూనివర్సిటీ జనరల్ పేజీ కాదు, మీ కోర్సు పేజీ చూడండి. ఒకే యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌కి 6.5 అడిగి, లా కోర్సుకో నర్సింగ్‌కో 7 అడగడం మామూలే. కన్సల్టెన్సీ వాళ్లు ‘6.5 చాలు’ అన్నా సరే, మీ కళ్లతో చూసేదాకా నమ్మొద్దు.

సగటు లెక్క ఇలా ఉంటుంది. నాలుగు బ్యాండ్లు కూడి 4తో భాగించండి. చివర .25 వస్తే పై అర బ్యాండుకి, .75 వస్తే పై పూర్తి బ్యాండుకి వెళ్తుంది. 6.125 వస్తే మాత్రం 6 దగ్గరే ఆగిపోతుంది.

యూకే అయితే ఇంకో మాట. మామూలు అకడమిక్ సరిపోతుందా, వీసా కోసం ప్రత్యేకంగా పెట్టే యూకేవీఐ పరీక్ష రాయాలా అని యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే బుక్ చేయండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ బుకింగ్ వేరు.

మనిషి ముందు మాట్లాడాలంటే బాగా టెన్షన్ పడేవాళ్లు పీటీఈ చూడొచ్చు. అందులో మైక్‌లో మాట్లాడితే చాలు. కాకపోతే చుట్టుపక్కల అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, ఆ గోలకి అలవాటు పడాలి. టోఫెల్ రాయాలనుకుంటే పాత పుస్తకాలు కొనొద్దు. 2026 జనవరి నుంచి దాని రూపం, స్కోరు కొలత రెండూ మారాయి. ఏది రాసినా మీ యూనివర్సిటీ జాబితాలో అది ఉందో లేదో ముందు చూసుకోండి.

2. చదవకముందే ఒక టెస్టు రాయండి

‘కొంచెం ప్రిపేర్ అయ్యాక రాస్తాను’ అనొద్దు. మొదటి వారం మొదటి రోజే, గదిలో తలుపేసుకుని, ఫోన్ బయట పెట్టి, ఒక పూర్తి లిజనింగ్, రీడింగ్, రైటింగ్ టైమ్ పెట్టుకుని రాయండి. లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వేస్తారు. ఆపి వెనక్కి తిప్పుకోవద్దు.

లిజనింగ్, రీడింగ్ దిద్దుకోండి. రెండింట్లోనూ 40కి 23 వస్తే సుమారు 6, 30 వస్తే సుమారు 7. పేపర్‌ని బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. రెండింట్లోనూ 15 దాటకపోతే ఎనిమిది వారాలు సరిపోవు. పరీక్ష బుక్ చేయకుండా ముందు రెండు మూడు నెలలు ఇంగ్లీష్ చదవడం, వినడం మీదే పెట్టండి. ఆ స్థితిలో టెస్టుల మీద టెస్టులు రాస్తే భయం తప్ప ఇంకేమీ పెరగదు.

3. తప్పుల నోటుబుక్కు మొదలుపెట్టండి

పేజీని నాలుగు గడులు చేయండి: నేను రాసింది, సరైన జవాబు, ఎందుకు తప్పింది, ఈసారి ఏం చేయాలి. మూడో గడి ముఖ్యం. అందులో ‘అజాగ్రత్త’ అని రాయొద్దు. అలా రాస్తే ఏం సరిచేసుకోవాలో ఎప్పటికీ తెలియదు. మాట వినపడలేదా, వినపడినా స్పెల్లింగ్ రాలేదా, ముందు చెప్పిన జవాబుకి మోసపోయారా, పదానికి అర్థం తెలియదా, టైమ్ అయిపోయిందా? అదే రాయండి.

మూడు టెస్టులయ్యాక ఆ గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవండి. ఒకే కారణం పదే పదే కనిపిస్తుంది. నా పుస్తకంలో 19 లిజనింగ్ తప్పులుంటే 11 స్పెల్లింగువే. నాకు చెవులు సరిగా పనిచేయడం లేదని నెల రోజులు బాధపడ్డాను. తీరా చూస్తే అన్నీ వినపడ్డాయి, రాయడం రాలేదంతే.

4. లిజనింగ్: ఒకసారి టెస్టుగా, రెండోసారి పాఠంగా

టెస్టు రాసిన మర్నాడు అదే ఆడియో మళ్లీ వేయండి. తప్పిన ప్రశ్న దగ్గర ఆపి, ఆ వాక్యం పూర్తిగా వినపడేదాకా వినండి, విన్నది కాగితం మీద రాయండి. తర్వాతే పుస్తకం వెనక ఉన్న స్క్రిప్టు చూడండి. పది సెకన్ల ముక్కకి పదిహేను నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. చెవి తయారయ్యేది ఇక్కడే.

ఎక్కువగా జరిగే తప్పులు ఇవీ:

మాట మార్చడం. ఆడియోలో ‘మంగళవారం కలుద్దాం’ అంటారు. మీరు రాసేస్తారు. రెండు సెకన్ల తర్వాత ‘అయ్యో, ఆ రోజు హాల్ ఖాళీ లేదు, గురువారం పెట్టుకుందాం’ అంటారు. మొదట విన్నదాన్ని ఖాయం చేసుకోకండి. మాట పూర్తయ్యేదాకా ఆగండి.

పదాల లెక్క. ‘రెండు పదాలకు మించకూడదు’ అంటే మూడు రాస్తే సున్నా, మూడింట్లో సరైన జవాబు ఉన్నా సరే.

అక్షరాలు. పేర్లు, వీధులు అక్షరం అక్షరంగా చెప్తారు. మనం తడబడేది ఏ, ఈ, ఐ దగ్గర, జీ, జే దగ్గర. ఇంట్లో ఎవరితోనైనా బంధువుల పేర్లు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో గబగబా చెప్పించుకుని రాయండి. వారం రోజుల్లో ఈ ఇబ్బంది పోతుంది. థర్టీన్, థర్టీ కూడా ఇంతే. ఒత్తు చివర పడితే పదమూడు, మొదట పడితే ముప్పై.

స్పెల్లింగులు. అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు. గవర్నమెంట్‌లో, ఎన్విరాన్‌మెంట్‌లో ఎమ్ ముందు ఎన్ ఉంది. వెన్స్‌డేలో పలకని డీ ఉంది. ఇలాంటివి మీకు తప్పినవే ఒక పేజీలో రాసుకోండి. బజారులో అమ్మే వెయ్యి పదాల జాబితా అక్కర్లేదు.

కంప్యూటర్ పరీక్షలో ఆడియో అయ్యాక సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే ఇస్తారు. పేపర్ మీద రాసే పరీక్ష మీ దగ్గర ఇంకా ఉంటే, అందులో జవాబులు ఎక్కించడానికి పది నిమిషాలుంటాయి. మీరు రాసేది ఏదో తెలుసుకుని ఆ పద్ధతిలోనే ప్రాక్టీస్ చేయండి.

5. రీడింగ్: పాఠంలో లేనిది తలలోంచి తేవద్దు

గంటలో మూడు పాఠాలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు అంటారు కానీ, మూడోది కష్టంగా ఉంటుంది. మొదటిదాన్ని 16, 17 నిమిషాల్లో ముగించడం అలవాటు చేసుకోండి. తప్పు జవాబుకి మార్కు కోయరు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు.

అందరూ ఇరుక్కునేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గర. ఇచ్చిన వాక్యాన్ని పాఠం అవునంటోందా, కాదంటోందా, అసలు ఏమీ చెప్పలేదా అన్నది తేల్చాలి. ఒక ఉదాహరణ చూడండి. పాఠంలో ఇలా ఉందనుకోండి: ‘ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానివల్ల గోదావరి డెల్టాలో వరి సాగు పెరిగింది.’

‘ఆనకట్ట కట్టడానికి పదేళ్లకు పైగా పట్టింది.’ పాఠం దీన్ని కాదంటోంది. ఫాల్స్.

‘ఆనకట్టకి అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయింది.’ ఖర్చు మాటే పాఠంలో లేదు. నాట్ గివెన్.

‘ఆనకట్ట కట్టించిన కాటన్‌ను గోదావరి జిల్లాల్లో జనం ఇప్పటికీ గౌరవిస్తారు.’ ఇది మనకి తెలుసు. రాజమండ్రి వైపు వెళ్తే కాటన్ దొర విగ్రహాలకి దండలు కనిపిస్తాయి. అయినా పాఠంలో ఆ మాట లేదు. నాట్ గివెన్.

మూడోది తప్పేవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, ఎక్కువ తెలిసినవాళ్లు. పర్యావరణం మీద పాఠం వస్తే బీఎస్సీ పిల్లలే ఎక్కువ తప్పులు చేయడం చూశాను. మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పాఠంలో ఏ వాక్యం దీన్ని అవునంటోంది, ఏ వాక్యం కాదంటోంది? వేలు పెట్టి చూపించలేకపోతే నాట్ గివెన్.

సరిచూసుకునే పద్ధతి: దిద్దుకునేటప్పుడు సరైన జవాబుల పక్కన కూడా అవి పాఠంలో ఎక్కడున్నాయో లైను నంబరు వేయండి. లైను చూపించలేని సరైన జవాబు అదృష్టం కొద్దీ వచ్చిందే. దాన్ని తప్పుల్లో కలపండి.

6. రైటింగ్: ఎక్కువ రోజులు దీనికే

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మిగతావి 7 దాటుతాయి, ఇది 6 దగ్గర కూర్చుంటుంది. మూడో వారం నుంచి ఆరో వారం వరకు రోజూ ఒక గంట దీనికివ్వండి.

మొదటి టాస్క్‌లో గ్రాఫో, పట్టికో, మ్యాపో, ఏదైనా తయారయ్యే ప్రక్రియో ఇస్తారు. కనీసం 150 పదాలు, 20 నిమిషాలు. రెండోది వ్యాసం. కనీసం 250 పదాలు, 40 నిమిషాలు. రెండో టాస్క్‌కి మొదటిదానికన్నా రెట్టింపు విలువ. అందుకని మొదటిదాని మీద అరగంట కూర్చున్నారంటే మీకు మీరే మార్కులు కోసుకున్నట్టు.

మొదటి టాస్క్‌లో ఎక్కువగా మర్చిపోయేది మొత్తమ్మీద ఏం జరిగిందో చెప్పే రెండు వాక్యాలు. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఏది అన్నిటికన్నా పైనుంది? అంకెలు లేకుండా చెప్పాలి. అది స్పష్టంగా లేకపోతే తక్కినదంతా ఎంత బాగున్నా ఆ టాస్క్‌కి మంచి స్కోరు రాదు. ఇంకో తప్పు, కారణాలు ఊహించడం. కార్లు ఎందుకు పెరిగాయో మిమ్మల్ని ఎవరూ అడగలేదు. గ్రాఫ్‌లో ఉన్నదే రాయండి.

ఇప్పుడు వ్యాసం. అమీర్‌పేటలో నేను వెళ్లిన కోచింగ్ సెంటర్‌లో ఒక టెంప్లేట్ ఇచ్చారు. ఖాళీల్లో టాపిక్ నింపితే వ్యాసం తయారవుతుందన్నారు. దాన్ని నోటికి పట్టాను, నాకు 6 తెచ్చిపెట్టింది అదే. ఎగ్జామినర్లు బట్టీ పట్టిన వాక్యాలు గుర్తుపట్టేలా శిక్షణ తీసుకున్నవాళ్లు. గంభీరమైన టెంప్లేట్ వాక్యం పక్కన మీ సొంత వాక్యం వస్తే ఆ అతుకు ఎవరికైనా కనిపిస్తుంది.

నా పాత వ్యాసం మొదటి రెండు వాక్యాలు ఇవి: ‘నౌ ఎ డేస్ మెనీ స్టూడెంట్స్ ఆర్ గోయింగ్ టు అబ్రాడ్ ఫర్ స్టడీస్. ఇట్ ఈజ్ హావింగ్ సో మెనీ అడ్వాంటేజెస్ అండ్ డిసడ్వాంటేజెస్.’

లెక్చరర్ గారు దాన్ని ఇలా విప్పారు. ‘నౌఅడేస్’ ఒకటే పదం, విడగొట్టకూడదు. రోజూ జరిగే పనికి ‘ఆర్ గోయింగ్’ కాదు, ‘గో’ చాలు. ‘అబ్రాడ్’ ముందు ‘టు’ రాదు. ‘ఈజ్ హావింగ్’ కాదు, ‘హ్యాజ్’. మొదటిది తప్ప మిగతా మూడూ మన తెలుగు వాక్యం నుంచి వచ్చినవే. ‘వెళ్తున్నారు’ అని మనసులో అనుకుని ‘ఆర్ గోయింగ్’ రాశాను.

అవి దిద్దాక ఆయన పెన్ను పక్కన పెట్టి అడిగారు: ‘సరే, గ్రామర్ బాగైంది. ఇప్పుడు రెండో వాక్యం ఏం చెప్పింది?’ ఏమీ చెప్పలేదు. లాభాలున్నాయి, నష్టాలున్నాయి అన్నది ఏ విషయానికైనా అతుకుతుంది. దాని బదులు ఇలా రాయమన్నారు: విదేశంలో చదివే విద్యార్థి పెద్ద అప్పు చేయాల్సి వస్తుంది, ఆ అప్పు తీర్చడానికి తన చదువుతో సంబంధం లేని పని ఒప్పుకోవాల్సి రావచ్చు. ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, ఒక కారణం ఉంది, ఒక ఫలితం ఉంది. మామూలు పదాలతో రాసినా ఇదే మేలు.

ఇక మీరు రాసేటప్పుడు ఇలా చేయండి.

ముందు ఐదు నిమిషాలు ప్లాన్. ప్రశ్నలో ఎన్ని భాగాలున్నాయో అండర్‌లైన్ చేయండి. కారణాలూ పరిష్కారాలూ రెండూ అడిగితే రెండూ రాయాలి. ‘తెలుగులో ఆలోచించుకోవచ్చా?’ అని చాలామంది అడుగుతారు. ఆలోచనలు తెలుగులో రానివ్వండి, తప్పు లేదు. రఫ్ కాగితం మీద తెలుగులోనే రెండు మాటలు రాసుకోండి. వాక్యాన్ని మాత్రం తెలుగులో కట్టి ఇంగ్లీష్‌లోకి మార్చొద్దు.

తర్వాత నాలుగు పేరాలు. మొదటి పేరాలోనే మీ అభిప్రాయం చెప్పేయండి. మధ్య పేరా ఒక్కోదానికి ఒకే విషయం, దానికి ఒక ఉదాహరణ. చివర రెండు వాక్యాలు.

ఆఖరి మూడు నిమిషాలు మీ తప్పుల కోసమే. అందరూ చేసే తప్పుల కోసం వెతకొద్దు, నోటుబుక్కులో మీవి ఏవైతే ఉన్నాయో వాటికోసం చూడండి. మనవాళ్లకు ఎక్కువగా పడేవి ఇవి: ‘ఎ’, ‘ది’ వదిలేయడం, ఎందుకంటే తెలుగులో ఆ మాటలే లేవు. ‘హి’, ‘షి’, ‘ఇట్’ తర్వాత క్రియకి చివర ఎస్ మర్చిపోవడం. ‘డిస్కస్ అబౌట్’ అనడం, అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఫర్నీచర్స్’, ‘అడ్వైజెస్’ అని బహువచనం చేయడం.

కంప్యూటర్‌లో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. పరీక్షలో పదాల లెక్క చూపిస్తుంది కానీ స్పెల్లింగ్ కింద ఎర్రగీత రాదు. ఇంట్లో కూడా ఆటో కరెక్ట్ ఆపేసి నోట్‌ప్యాడ్‌లో రాయండి. ఫోన్‌లో టైప్ చేసే అలవాటే ఉన్నవాళ్లు మొదటి వారం నుంచే రోజూ పది నిమిషాలు కీబోర్డు మీద టైపింగ్ చేయాలి.

దిద్దేవాళ్లు ఎవరూ దొరకలేదా? వ్యాసం రాసి మూడు రోజులు పక్కన పెట్టండి. నాలుగో రోజు గట్టిగా పైకి చదవండి. నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. అక్కడ తప్పు ఉండే అవకాశం ఎక్కువ. ఏఐ యాప్‌లో పెట్టి దిద్దించుకోవచ్చు, కానీ ‘తిరిగి రాయి’ అని అడగొద్దు. అది రాసిచ్చింది చూసి మురిసిపోతాం, మనకి ఒక్క ముక్క రాదు. ‘తప్పులు మాత్రమే చూపించు, ఎందుకు తప్పో చెప్పు’ అని అడగండి. అది ఇచ్చే బ్యాండ్ స్కోరు నమ్మొద్దు.

దిద్దిన ప్రతి వ్యాసాన్నీ మళ్లీ మొదటి నుంచి రాయండి. అదే టాపిక్, కొత్త కాగితం. ఇది విసుగ్గా ఉంటుంది, నాకు తెలుసు. నా రైటింగ్ 6 నుంచి 7కి వెళ్లింది మాత్రం దీంతోనే. కొత్త వ్యాసాలు పద్నాలుగే రాశాను, ఒక్కోటి రెండేసిసార్లు.

7. స్పీకింగ్: ఫోన్‌లో రికార్డ్ చేసి, మీ గొంతు మీరే వినండి

మూడు భాగాలు. మొదట మీ ఊరు, చదువు, ఇల్లు లాంటివి నాలుగైదు నిమిషాలు. తర్వాత కార్డు మీద ఒక టాపిక్ ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. చివర ఆ టాపిక్ మీదే కొంచెం లోతైన చర్చ.

రోజూ ఒక కార్డు తీసుకుని రెండు నిమిషాలు రికార్డ్ చేయండి. వెంటనే వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు. అందరికీ అంతే. వారానికి ఒకసారి ఆ రికార్డింగ్‌లో ఒక నిమిషం ముక్కని, మీరన్నది అన్నట్టే కాగితం మీద రాయండి. ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లు వచ్చింది, ‘లైక్’ ఎన్నిసార్లు వచ్చింది, ఏ వాక్యం మధ్యలో వదిలేశారు, అన్నీ కనిపిస్తాయి.

యాస గురించి భయపడొద్దు. మీరు బ్రిటిష్‌వాళ్లలా మాట్లాడాలని ఎవరూ అడగరు. వినేవాళ్లకి శ్రమ లేకుండా అర్థం కావాలి, అంతే. దానికి మూడు చోట్ల జాగ్రత్త చాలు.

మాట చివర ఉకారం. మనం ‘బస్సు’, ‘బుక్కు’, ‘వర్కు’ అంటాం. ఇంగ్లీష్‌లో మాట్లాడేటప్పుడు ఆ ఉకారం తీసేయండి.

జెడ్ శబ్దం. తెలుగు ‘జ’ పలికినప్పుడు నాలుక పైన తగులుతుంది. ‘బిజీ’, ‘ఈజీ’, ‘బికాజ్’లో తగలకూడదు. పాములా ‘స్స్’ అంటూ, దానికి గొంతు కలపండి, జెడ్ వస్తుంది.

వీ, డబ్ల్యూ. తెలుగులో రెండూ ‘వ’నే. వీకి పై పళ్లు కింది పెదవికి తగలాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా అవ్వాలి. అద్దం ముందు రోజూ రెండు నిమిషాలు చేయండి.

ఇంకొకటి, ‘స్మాల్ స్మాల్ విలేజెస్’, ‘హాట్ హాట్ ఇడ్లీ’. చిన్నచిన్న, వేడివేడి అని మనకి ఎంత అందంగా ఉన్నా ఇంగ్లీష్‌లో కుదరదు.

ప్రశ్న వినపడకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు, అందుకు మార్కు పోదు. అర్థం కాకుండానే ఏదో ఒకటి చెప్పేయడమే తప్పు. జవాబులు బట్టీ పట్టొద్దు. మీ ఊరి గురించి పేరా కంఠతా పెట్టుకుని వెళ్తే, ఎగ్జామినర్ మధ్యలో ఆపి ‘మీ ఊళ్లో మీకు నచ్చనిది ఏంటి?’ అని అడిగితే గొంతు ఆరిపోతుంది. దాని బదులు నిజం చెప్పండి. మా ఊళ్లో బస్సు రోజుకి రెండుసార్లే వచ్చేదని చెప్పాను. దాని మీద నా ఎగ్జామినర్ నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికీ నా దగ్గర జవాబుంది.

మాట్లాడటానికి తోడు కావాలంటే పరీక్ష రాసే ఇంకో ఫ్రెండ్‌ని పట్టుకోండి. సాయంత్రం అరగంట ఫోన్‌లో, తెలుగు మాట వస్తే మళ్లీ మొదటి నుంచి.

8. బుకింగ్: పేరు దగ్గర తప్పు చేయొద్దు

రెండో వారం దిద్దుబాటు అయ్యాక, సుమారు ఆరు వారాల తర్వాతి తేదీకి బుక్ చేయండి. యూనివర్సిటీ గడువుకీ పరీక్షకీ మధ్య కనీసం రెండు నెలలు ఉండాలి, మళ్లీ రాయాల్సి వస్తే అవకాశం మిగలాలి.

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. బుకింగ్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి, ఇనీషియల్ కూడా మార్చొద్దు. బుక్ చేశాక పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని పేరు, నంబరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఆ రోజే పరీక్ష సెంటర్ వాళ్లకు మెయిల్ పెట్టండి. ఈ మధ్యలో పాస్‌పోర్ట్ రెన్యూ చేస్తే ఆ సంగతీ వాళ్లకు ముందే చెప్పాలి.

9. ఆఖరి రెండు వారాలు, పరీక్ష రోజు

ఏడు, ఎనిమిది వారాల్లో వారానికి రెండు పూర్తి టెస్టులు, పరీక్ష జరిగే టైమ్‌కే, మధ్యలో లేవకుండా. మిగతా రోజులు దిద్దుబాటు. చివరి రెండు రోజులు కొత్త టెస్టు వద్దు. తప్పుల నోటుబుక్కు ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవండి, చాలు.

ఎనిమిది వారాలు లేక రెండు వారాలే చేతిలో ఉంటే ఇదొక్కటే చేయండి: రోజూ ఒక వ్యాసం రాసి తిరగరాయండి, రోజూ ఒక కార్డు రికార్డ్ చేయండి, మొత్తం మీద రెండు టెస్టులు విప్పి చూడండి. పదాల జాబితాల జోలికి పోవద్దు.

పరీక్ష రోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. జిరాక్స్ పనికిరాదు. ఫోన్, వాచీ లోపలికి రానివ్వరు. మంచినీళ్లు లేబుల్ తీసేసిన ట్రాన్స్‌పరెంట్ సీసాలో తీసుకెళ్లొచ్చు. లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మధ్య విరామం ఉండదు కాబట్టి ముందే బాత్రూమ్‌కి వెళ్లిరండి. హెడ్‌ఫోన్స్ సౌండ్ సరిగా లేకపోతే పరీక్ష మొదలవకముందే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. స్పీకింగ్ అదే రోజు ఉండొచ్చు, వేరే రోజు ఉండొచ్చు. సెంటర్‌లోకి రానిచ్చే టైమ్ రెండింటికీ విడివిడిగా చూసుకోండి.

10. రిజల్ట్ వచ్చాక

కంప్యూటర్ పరీక్ష రిజల్ట్ కొద్ది రోజుల్లోనే వస్తుంది. మొదట మొత్తం స్కోరు చూడొద్దు. మొదటి స్టెప్‌లో రాసుకున్న కాగితం తీసి, నాలుగు సెక్షన్లూ ఒక్కోటి పోల్చండి. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది.

ఒక్క సెక్షన్‌లోనే తగ్గితే ఇప్పుడు ఆ ఒక్కటే మళ్లీ రాసే సౌకర్యం ఉంది. కంప్యూటర్‌లో రాసినవాళ్లకే, 60 రోజుల్లోపు, ఒక్కసారే. నేను రాసిన రోజుల్లో ఇది లేదు. అయితే అన్ని యూనివర్సిటీలూ దీన్ని ఒప్పుకోవు. డబ్బు కట్టకముందే మీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగండి.

రీవాల్యుయేషన్ కూడా అడగొచ్చు, పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోపు. స్కోరు మారితే ఆ ఫీజు వెనక్కిస్తారు. లిజనింగ్, రీడింగ్‌కి దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. రైటింగ్‌లోనో స్పీకింగ్‌లోనో అర బ్యాండ్ తగ్గి, మీ ప్రాక్టీస్ వ్యాసాలు దిద్దినవాళ్లు కూడా ‘ఇది ఇంకా ఎక్కువ రావాల్సింది’ అంటే అప్పుడు పెట్టండి. దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చోకండి, ఆ రోజుల్లో వ్యాసాలు రాస్తూనే ఉండండి.